జాజ్ ఆల్బంలో పక్కవాద్యాల పెత్తనం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో గానీ రవీంద్రభారతిలో గానీ జరిగే కచేరీ ఆహ్వాన పత్రిక చేతికందితే, పాతకాపు శ్రోత చూపు గాయకుడి పేరు దగ్గరే ఆగిపోదు. దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో ఉన్న వయొలిన్, మృదంగం, ఘటం పేర్ల మీదికి దిగుతుంది. పక్కన ఎవరు కూర్చుంటున్నారో తెలిస్తే ఆ సాయంత్రం ఎలా నడుస్తుందో సగం తెలిసినట్టేనని ఆయన నమ్మకం. చాలాసార్లు ఆ నమ్మకం నిజమవుతుంది కూడా. ఇదే శ్రోత జాజ్ దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటును ఇంటి దగ్గర వదిలేసి వస్తాడు. తప్పంతా ఆయనది కాదు. రాయదుర్గం వెళ్లే మెట్రోలో చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే ఆల్బానికి ఫోన్ తెర మీద ఒక అట్టబొమ్మ, ఒక పేరు మాత్రమే ఉంటాయి. బేస్ ఎవరు వాయించారో, డ్రమ్స్ మీద ఎవరున్నారో తెలుసుకోవాలంటే లోపలికి వెతుక్కుంటూ పోవాలి, ఒక్కోసారి అక్కడా ఉండదు. ఎల్పీ రోజుల్లో అట్ట వెనక్కి తిప్పితే వాద్యబృందం మొత్తం కనిపించేది.

ఆధునిక జాజ్ ఆల్బం నాదం మాత్రం ఎక్కువగా ఆ వెనక అట్ట మీది పేర్లలోనే ఉంటుంది. నాయకుడి సోలో చెవికి ముందు తగులుతుంది, నిజమే. కానీ అదే నాయకుడు మరో బేసిస్టుతో, మరో డ్రమ్మర్‌తో వాయించిన ఆల్బం పెడితే ఊరే మారిపోయినట్టుంటుంది. అందుకు కారణం ఈ సంగీతం కట్టుబడిలోనే ఉంది. కర్ణాటక కచేరీలో శ్రుతిని తంబూరా పట్టి ఉంచుతుంది, షడ్జం మొదటి నుంచి చివరి దాకా కదలదు. జాజ్‌లో అలా పట్టి ఉంచే తంబూరా లేదు. ఆ ఆధారాన్ని డబుల్ బేస్ అడుగడుగునా కదిలిస్తూ పోతుంది, పియానో లేదా గిటార్ ఆ కదలికకు స్వరగుచ్ఛాలతో (ఒకేసారి మోగే కొన్ని స్వరాలతో) రంగు వేస్తుంది, డ్రమ్మర్ రైడ్ సింబల్ అనే లోహపు పళ్లెం మీద నడక చూపిస్తాడు. రిథమ్ సెక్షన్ అని పిలిచే ఈ ముగ్గురు సోలో వాయించేవాడి కాళ్ల కింది నేలను క్షణక్షణం కొత్తగా పరుస్తున్నారన్నమాట. వాళ్ల మనోధర్మం సోలో వాద్యకారుడి మనోధర్మానికి ఏమాత్రం తీసిపోదు, కాకపోతే అది అడుగున ఉంటుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణనే దగ్గరగా చూడటం మేలు. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్ 30వ వీధిలో పాత చర్చిని మార్చి కట్టిన కొలంబియా స్టూడియోలో రికార్డయింది. ట్రంపెట్ మీద డేవిస్, టెనర్ శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్, ఆల్టో మీద కానన్‌బాల్ ఆడర్లీ, బేస్ మీద పాల్ చేంబర్స్, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్. పియానో మీద ఒక్క పాటలో వింటన్ కెల్లీ, మిగతా అన్నింటిలో బిల్ ఎవాన్స్. మొదటి పాట ‘సో వాట్’ నిర్మాణం తెలుగు శ్రోతకు చాలా తేలిగ్గా అందుతుంది. డి స్వరాన్ని షడ్జం అనుకుంటే అందులోని స్వరాలు ఖరహరప్రియవే, త్యాగరాజు ‘పక్కల నిలబడి’ కట్టిన రాగపు స్వరాలే. మొత్తం 32 బార్లు (ఇక్కడ బార్ అంటే నాలుగు దెబ్బల కొలత): మొదటి 16 బార్లు డి మీద, తర్వాతి 8 బార్లు అదే స్వరక్రమం అర స్వరం పైకెక్కి ఈ-ఫ్లాట్ మీద, చివరి 8 బార్లు మళ్లీ డి మీద. మన కచేరీలో పాట మధ్యలో షడ్జాన్ని అర స్వరం జరిపితే తంబూరా వెంటనే తగవు పెట్టుకుంటుంది. ఇక్కడ ఆ జరుపుడే పాటకు ప్రాణం. దాన్ని గోడకు మేకు కొట్టినట్టు స్పష్టంగా చూపించే పని చేంబర్స్ బేస్‌ది. సోలో వాయించేవాళ్లు ఆ మలుపు దగ్గర కాస్త ముందో వెనకో తూలినా, కింద బేస్ సరిగ్గా ఆ బార్ మొదటి దెబ్బకే కొత్త షడ్జం మీద నిలబడి ఉంటుంది.

ఇంకా చిత్రం ఏమిటంటే, ఈ పాటలో పల్లవి లాంటి ప్రధాన వరసను వాయించేది ట్రంపెట్ కాదు, బేసే. చేంబర్స్ కింది నుంచి ఒక వాక్యం అంటాడు, పైనుంచి రెండే రెండు స్వరగుచ్ఛాలతో జవాబు వస్తుంది. ముందు ఎవాన్స్ పియానో, తర్వాత దానికి తోడుగా ఊదుడు వాద్యాలు. ఆ స్వరగుచ్ఛాన్ని ఎవాన్స్ పేర్చిన తీరు విడిగా చెప్పుకోదగ్గది. షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్న దూరాన్ని మూడుసార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పైన అంతర గాంధారపు దూరం ఒకటి చేర్చితే అది తయారవుతుంది. మామూలుగా పేర్చే స్వరగుచ్ఛం ఇదిగో ఇటే వెళ్లాలి అని సోలో వాద్యకారుడి చెవి పట్టుకుని లాగుతుంది. ఈ పేర్పు ఏ దారికీ లాగదు, నాలుగు వైపులా తలుపులు తెరిచి కూర్చుంటుంది. ఎనిమిదేసి బార్లు ఒకే స్వరక్రమం మీద నిలిచే పాటకు కావలసింది సరిగ్గా అలాంటి తలుపులే. తర్వాతి తరం పియానిస్టులు ఆ పేర్పుకు ఈ పాట పేరే పెట్టుకున్నారు.

అప్పుడు వస్తుంది జిమ్మీ కాబ్ సింబల్ దెబ్బ. వరస అయిపోయి డేవిస్ సోలో అందుకునే చోట, పాట మొదలై సుమారు ఒకటిన్నర నిమిషం అయ్యేసరికి, అప్పటిదాకా అణిగి ఉన్న డ్రమ్స్ నుంచి ఒక్క పెద్ద సింబల్ మోత లేచి, ట్రంపెట్ మొదటి స్వరాల వెనక చాలాసేపు కరుగుతూ ఉంటుంది. దాని కిందే చేంబర్స్ బేస్ నాలుగు దెబ్బల నడకకు దిగుతుంది. ఆ ఒక్క దెబ్బ తీసేసి ఊహించుకుంటే డేవిస్ సోలో ఇంత ఠీవిగా గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. సంగీత చరిత్రల్లో పేజీలకు పేజీలు డేవిస్ తీసిన స్వరాల మీదే ఉంటాయి గానీ, ఆ సోలోకు తలుపు తీసింది కాబ్.

అదే ఆల్బంలో ఇద్దరు పియానిస్టులు ఉండటం శ్రోతకు దొరికిన అదృష్టం, ఎందుకంటే బేస్, డ్రమ్స్, గది, మైకులు అన్నీ అవే ఉండి పియానో మాత్రమే మారితే ఏమవుతుందో పక్కపక్కనే వినవచ్చు. అప్పటికి బృందంలో నిలకడగా వాయిస్తున్నది కెల్లీ. ఎవాన్స్ 1958 చివర్లోనే బృందం విడిచి వెళ్లి, ఈ రికార్డింగు కోసం తిరిగి వచ్చాడు. పన్నెండు బార్ల బ్లూస్ ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’లో కెల్లీ వేళ్లు తాళాన్ని కొద్దిగా ముందుకు తోస్తుంటాయి, బృందమంతా కుర్చీ అంచు మీదికి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. దాని తర్వాతి ‘బ్లూ ఇన్ గ్రీన్’లో ఎవాన్స్ రాగానే అదే బేస్, అదే డ్రమ్స్ నెమ్మదించి, స్వరాల మధ్య ఖాళీలు వినిపించడం మొదలవుతుంది. ఈ ‘బ్లూ ఇన్ గ్రీన్’ ఎవరి రచన అన్న తగవు ఇప్పటికీ తెగలేదు. అట్ట మీద డేవిస్ పేరుంది, తనదేనని ఎవాన్స్ చెప్పుకున్నాడు, అదే ఏడాది డిసెంబరులో తన సొంత ఆల్బంలో వాయించినప్పుడు ఇద్దరి పేర్లూ పడ్డాయి. సెషన్‌కు ఇంతని యూనియన్ లెక్కన డబ్బు తీసుకుని వెళ్లే వాద్యకారుడు స్టూడియోలో ఆ పూట పుట్టించిన వరసలో అతని వాటా ఎంత అన్నది జాజ్ వ్యాపారం ఎన్నడూ నిజాయితీగా తేల్చని లెక్క. విచిత్రంగా, ఆ ఆల్బం వెనక అట్ట మీది పరిచయ వ్యాసం రాసింది మాత్రం ఎవాన్సే.

ఇక్కడి నుంచి శ్రోత రెండు దారుల్లో పోవచ్చు. అందరూ చెప్పేది డేవిస్ మరో ఆల్బం వెతుక్కోమని. అంతకన్నా రుచికరమైన దారి పాల్ చేంబర్స్ వెంట నడవడం. ‘సో వాట్’ లాంటి పాటల్లో ఒకే స్వరక్రమం మీద బార్ల తరబడి నిలబడిన మనిషి, ఏప్రిల్ 22 సెషన్ ముగిసి రెండు వారాలు తిరక్కముందే, మే మొదటివారంలో కోల్ట్రేన్ ‘జయంట్ స్టెప్స్’ కోసం మరో స్టూడియోలో నిలబడ్డాడు. అక్కడ దాదాపు రెండు దెబ్బలకొకసారి స్వరగుచ్ఛం మారిపోతుంది, అదీ ఊపిరి సలపని వేగంతో. ఆధునిక జాజ్‌లోని రెండు పరస్పర విరుద్ధమైన దారులకు కొన్ని వారాల తేడాలో ఒకే మనిషి పునాది వేశాడంటే అతిశయోక్తి కాదు. ఆ పాటలో పియానిస్టు టామీ ఫ్లానగన్ సోలో అక్కడక్కడ తడబడి, చివరికి స్వరగుచ్ఛాలు మాత్రమే మీటుతూ ముగుస్తుంది. కోల్ట్రేన్ ఆ మలుపులను ఎన్నో రోజులు సాధన చేసి వచ్చాడు, ఫ్లానగన్‌కు అంత వ్యవధి లేదు. ఆ తడబాటును రికార్డులో ఉంచేయడం ఒక రకంగా మంచిదే అయింది, ఎందుకంటే పక్కనున్నవాళ్ల మీద ఈ సంగీతం ఎంత భారం వేస్తుందో అంత స్పష్టంగా మరెక్కడా వినబడదు. ఫ్లానగన్ 1982లో తన ట్రియోతో, అంటే ముగ్గురి బృందంతో, అదే పాటను, ఏ తొట్రుపాటూ లేకుండా, మళ్లీ రికార్డు చేశాడు. ‘జయంట్ స్టెప్స్’లోనే ‘మిస్టర్ పీసీ’ అన్న పాట ఉంది. ఆ పీసీ పాల్ చేంబర్సే. సోనీ రోలిన్స్ ‘టెనర్ మ్యాడ్‌నెస్’, కోల్ట్రేన్ ‘బ్లూ ట్రైన్’, సోనీ క్లార్క్ ‘కూల్ స్ట్రటిన్’, ఆలివర్ నెల్సన్ ‘ది బ్లూస్ అండ్ ది ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్’ — ఇవన్నీ వేర్వేరు నాయకుల పేర్ల మీద ఉన్నా, బేస్ వంక చెవి పెట్టి వింటే ఒకే మనిషి జీవితకథలా వినిపిస్తాయి. అతడు 33 ఏళ్లకే, 1969లో చనిపోయాడు.

బృందం ఒక్కటై నాయకుడి పేరును మింగేసిన సందర్భం కావాలంటే కోల్ట్రేన్ నలుగురి బృందాన్ని మించింది లేదు. మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. ‘ఎ లవ్ సుప్రీమ్’ 1964 డిసెంబరు 9న, న్యూజెర్సీలోని ఇంగ్లవుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, ఒక్క రోజులో రికార్డయింది. నాలుగు భాగాలు, మొత్తం కలిపి సుమారు 33 నిమిషాలు. దాన్ని కోల్ట్రేన్ భక్తి ప్రకటనగా చదవడం ఆనవాయితీ, అందులో తప్పేమీ లేదు. కానీ ఏ భాగంలోకి ఎవరు తలుపు తీస్తున్నారో గమనిస్తే మరో సంగతి బయటపడుతుంది. మొదటి భాగంలో శాక్సఫోన్ చిన్న పిలుపు తర్వాత అసలు వరస మొదలుపెట్టేది గారిసన్ బేస్: షడ్జం, సాధారణ గాంధారం, మళ్లీ షడ్జం, మధ్యమం, అంతే నాలుగు స్వరాలు. ఆల్బం పేరులోని నాలుగు అక్షరాల ఉచ్చారణను అవే మోస్తాయి. రెండో భాగానికి తలుపు తీసేదీ ఒంటరి బేసే. మూడో భాగాన్ని ఎల్విన్ జోన్స్ ఒంటరిగా డ్రమ్స్ మీద మొదలుపెడతాడు; అదే భాగం చివర తక్కిన వాద్యాలన్నీ తప్పుకుని గారిసన్‌ను చాలాసేపు ఒక్కడినే వదిలేస్తాయి, అక్కడి నుంచే నాలుగో భాగంలోకి దిగుతాం. ఇంత వ్యక్తిగతమైన రచనలో నాయకుడు తన గుమ్మాలన్నీ పక్కవాళ్ల చేతికిచ్చాడు. మర్నాడు ఆర్చీ షెప్ శాక్సఫోన్‌నూ, ఆర్ట్ డేవిస్ అనే రెండో బేస్‌నూ చేర్చుకుని మొదటి భాగాన్ని ఆరుగురితో వాయించి చూశాడు గానీ, ఆల్బంలోకి తీసుకున్నది నలుగురు వాయించినదాన్నే.

ఎల్విన్ జోన్స్ దగ్గర ఇంకాస్త ఆగాలి. అతడి చేతిలో నాలుగు దెబ్బల తాళం ఎప్పుడూ నాలుగుగా వినబడదు. ప్రతి దెబ్బనూ మూడుగా చీల్చి, ఆ ముక్కలను తన ముందున్న డ్రమ్ములకు, స్నేర్‌కూ టామ్‌లకూ బేస్ డ్రమ్‌కూ, సింబల్‌కూ పంచేస్తాడు, దానివల్ల తాళం ముందుకు నడవక గుండ్రంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. బోనాల ఊరేగింపులో, గణేశ్ నిమజ్జనంలో తీన్‌మార్ దరువుకు అలవాటుపడ్డ హైదరాబాద్ చెవికి ఈ మూడు ముక్కల తిప్పుడు పరాయిదిగా తోచకపోవచ్చు. రెండింటికీ చుట్టరికం ఉందని కాదు, నాలుగు అడుగుల మీద మూడు దరువులు పరుచుకుంటే ఒంటికి ఏమవుతుందో ఆ చెవికి ముందే తెలుసని. టైనర్ ఎడమచేత్తో లోతైన స్వరాలు గట్టిగా మోది, కుడిచేత్తో మధ్యమాల పేర్పులు పరుస్తుంటే, జోన్స్ ఆ మోత చుట్టూ తిరుగుతుంటే, కోల్ట్రేన్ ఎంతసేపైనా ఒకే రాగచ్ఛాయ మీద నిలబడగలిగాడు. 1965 చివర టైనర్, 1966 మొదట్లో జోన్స్ బృందం విడిచారు. పియానో మీదికి ఆలిస్ కోల్ట్రేన్, డ్రమ్స్ మీదికి రషీద్ అలీ వచ్చారు. తాళం లెక్కే కరిగిపోయి, అదే శాక్సఫోన్ మరో లోకంలో వినిపించింది.

ఆ ఆలిస్ కోల్ట్రేన్ 1971లో తన పేరు మీద తెచ్చిన ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’లో మనకు పరిచయమైన వస్తువొకటి ఉంది: తంబూరా. పేరు పాట మొదట సెసిల్ మెక్‌బీ బేస్ ఒక చిన్న వరసను పట్టుకుని తిప్పుతూ ఉంటుంది, దాని వెనక తంబూరా మోగుతుంది, పైన ఆమె హార్ప్ నీటి తుంపరలా పరుచుకుంటుంది, ఆ తర్వాత గానీ ఫేరో శాండర్స్ శాక్సఫోన్ రాదు. తంబూరా శ్రుతి వేస్తుంటే బేస్ కదలకుండా ఒకే చోట తిరుగుతోంది. అంటే జాజ్‌లో కదిలే ఆధారం ఇక్కడ మన పద్ధతికి తలొగ్గింది. తంబూరా వేసిన వ్యక్తి పేరు అట్ట మీద ‘తులసి’ అని ఒక్క మాటే ఉంది. మన సభల్లోనూ తంబూరా వేసేవాళ్ల పేరు పత్రికలో కనబడటం అరుదే కదా.

బిల్ ఎవాన్స్ ట్రియో గురించి చాలా రాశారు గనుక ఇక్కడ కొద్దిగానే. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డయిన సంగీతం నుంచి రెండు ఆల్బంలు వచ్చాయి. స్కాట్ లఫారో బేస్ తాళం కొట్టే పని మానేసి పియానోతో సమంగా మాట్లాడటం, పాల్ మోషన్ బ్రష్‌లతో ఆ సంభాషణకు గాలి అందించడం వాటిలో వినవచ్చు. వెనక గ్లాసుల చప్పుడు కూడా వినిపిస్తుంది. పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు, వయసు 25. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఎవాన్స్ వాయించడమే దాదాపు మానేశాడు.

పక్కవాద్యమే ప్రధానం అన్న మాటను అక్షరాలా అమలుచేసి చూపింది మాత్రం డేవిస్ రెండో క్వింటెట్, అంటే అయిదుగురి బృందం. పియానో హెర్బీ హాంకాక్, బేస్ రాన్ కార్టర్, శాక్సఫోన్ వేన్ షార్టర్, డ్రమ్స్ టోనీ విలియమ్స్. విలియమ్స్ 1963లో బృందంలో చేరేనాటికి 17 ఏళ్లవాడు. 1967లో రికార్డయిన షార్టర్ రచన ‘నెఫెర్టిటి’ దాదాపు ఎనిమిది నిమిషాలు సాగుతుంది. ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి ఒకే వరసను మళ్లీ మళ్లీ వాయిస్తాయి, అంతే. సోలో అన్నదే లేదు. మనోధర్మమంతా కింద జరుగుతుంది. మొదటి రెండు మూడు ఆవృత్తాల్లో విలియమ్స్ తాళాన్ని తాకీ తాకనట్టు ఉంటాడు. తర్వాత ఒక్కో తిరుగుడుకూ స్నేర్ మీద వడి పెంచుతూ, ఒక దశలో పైన ఊదేవాళ్లను ముంచేసేంత ఉప్పెన లేపి, మళ్లీ తీసేస్తాడు. హాంకాక్ వరస ముగిసిన ఖాళీల్లోనే స్వరగుచ్ఛాలు పెడతాడు, కార్టర్ ఒక్కో స్వరాన్ని సాగదీసి వదులుతాడు. గాయకుడు పల్లవినే పాడుతూ ఉండిపోతే మృదంగం తని ఆవర్తనం నడిపించినట్టన్నమాట. మొదటిసారి వినేవారికి ఏమీ జరగడం లేదనిపించడం సహజం, ఎందుకంటే చెవి అలవాటు కొద్దీ పైనే వెతుకుతుంటుంది. జాజ్ వినడం నేర్పాలంటే ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కన్నా ఈ ఒక్క పాటతో మొదలుపెట్టించడం మేలని కొందరికైనా అనిపించక మానదు. రాన్ కార్టర్ ఆ తర్వాత ఎందరి ఆల్బంలలో వాయించాడంటే, 2,200కు పైగా రికార్డింగులతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు. అందులో సింహభాగం పరాయి పేర్ల కింద వచ్చినవే.

స్టూడియోలో అద్దం వెనక కూర్చున్నవాళ్లనూ బృందంలో కలుపుకోవాలి. రికార్డింగ్ ఇంజినీరు వాన్ గెల్డర్ మొదట్లో పగలు కళ్ల పరీక్షలు చేసే వృత్తిలో ఉంటూ, హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డులు చేశాడు. 1959లో ఎత్తయిన చెక్క కప్పుతో కొత్త స్టూడియో కట్టుకున్నాడు. బ్లూ నోట్ కంపెనీ ఆల్బంలలో ఊదుడు వాద్యాలు చెవి పక్కనే ఉన్నట్టు వినిపించడంలో అతడి చేయి ఉంది. పాత రికార్డుల మోజున్నవారు అతడి పియానో మాత్రం కాస్త మందంగా పడుతుందని గొణుగుతుంటారు, అది సబబే. 1969 ఆగస్టులో డేవిస్ ‘బిచెస్ బ్రూ’ సెషన్లలో ఇద్దరు బేసిస్టులు, ఒకరికి మించిన డ్రమ్మర్లు, ఎలక్ట్రిక్ పియానోలు కలిసి గంటల తరబడి వాయించినదాన్ని నిర్మాత టియో మసీరో టేపు కోసి అతికి పాటలుగా చేశాడు. ‘ఫారోస్ డాన్స్’ ఒక్కదానిలోనే అలాంటి అతుకులు డజనుకు పైగా ఉన్నాయి. చికాగో డ్రమ్మర్ మకాయా మెక్‌క్రేవెన్ 2015 నాటి ‘ఇన్ ద మొమెంట్’లో ఆ పని తనే చేశాడు: ముందస్తు రచన లేకుండా కచేరీల్లో వాయించింది ఇంటికి తెచ్చుకుని, కోసి, తిప్పి, ఆల్బం కట్టాడు. డ్రమ్మరే కూర్పరి కావడంతో ఆ ఆల్బంలో తాళం ఎక్కడ మలుపు తిరగాలో నిర్ణయించింది డ్రమ్మర్ చెవే.

తెలుగునేల నుంచి వెళ్లి ఇలాంటి బృందాల నాదం మార్చినవారు ఇద్దరున్నారు, ఇద్దరినీ జాజ్ పేరుతో మనం తలుచుకోం. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. 1970ల నాటి మొదటి శక్తిలో గిటార్‌కు ఎదురుగా ఎల్. శంకర్ వయొలిన్ ఉండేది. కమాను లాగే వాద్యానికీ మీటే వాద్యానికీ పోలిక ఉండదు గనుక రెండూ విడివిడిగా వినబడేవి. శ్రీనివాస్ వచ్చేసరికి రెండూ మీటే వాద్యాలే అయ్యాయి. ఆయన మామూలు మాండలిన్ జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం చేయించుకున్నది గమకం పలకడానికే. మెక్‌లాఫ్లిన్ గిటార్ స్వరాలను ముత్యాల్లా విడివిడిగా దొర్లిస్తే, మాండలిన్ అవే స్వరాలను ఒకదానిలోకి ఒకటి జార్చి తిరిగి ఇస్తుంది. ఆ తేడాయే ఆ బృందానికి రుచి. 2014లో శ్రీనివాస్ పోయాక ఆ స్థానంలో మరో మాండలిన్‌ను వెతకలేదు; తర్వాతి శక్తి ఆల్బం ‘దిస్ మొమెంట్’లో గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వినిపిస్తుంది.

రెండో వ్యక్తి విజయనగరంలో పుట్టిన వయొలిన్ విద్వాంసురాలు అవసరాల కన్యాకుమారి. ఎం.ఎల్. వసంతకుమారికి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించిన ఆమె, 2008లో రుద్రేష్ మహంతప్ప ‘కిన్స్‌మెన్’ ఆల్బంలో కనిపిస్తారు. ముందు వరసలో రెండు ఆల్టో శాక్సఫోన్లు, మహంతప్పదీ కద్రి గోపాల్‌నాథ్‌దీ. పూవలూరు శ్రీజి మృదంగం ఉంది, రెజ్ అబ్బాసీ గిటార్, కార్లో డిరోసా బేస్, రాయల్ హార్టిగన్ డ్రమ్స్ ఉన్నాయి. ఇలాంటి బృందంలో అసలు చిక్కు బేస్‌కూ గిటార్‌కూ వస్తుంది: ఒక పక్కవాళ్లకు షడ్జం కదలకూడదు, ఇంకో పక్కవాళ్లకు కదలకపోతే తోచదు. ఈ ఆల్బం నిలబడిందంటే ఆ ఇద్దరూ ఎక్కడ తగ్గాలో తెలిసినవాళ్లు కావడం వల్లనే. కన్యాకుమారి వయొలిన్ రెండు శాక్సఫోన్ల మధ్య పడి నలగకుండా, గోపాల్‌నాథ్ పలికిన గమకాన్ని వెన్నంటే అందుకోవడం వింటే, కచేరీలో గాయకుడి నీడలా నడిచే ఆ విద్య ఎంత దూరం వచ్చినా చెల్లుబాటవుతుందని తెలుస్తుంది.

ఈ శతాబ్దపు ఆల్బంలలో బృందం కట్టుబడి ఎటు పోతోందో చెప్పడానికి ఒకటి రెండు పేర్లు చాలు. లండన్ బృందం సన్స్ ఆఫ్ కెమెట్ 2018లో తెచ్చిన ‘యువర్ క్వీన్ ఈజ్ ఎ రెప్టైల్’లో డబుల్ బేస్ లేదు, ఆ చోటును థియాన్ క్రాస్ ట్యూబాతో నింపుతాడు, ఊపిరి తీసుకోవాలి గనుక ఆ బేస్ వరసలో సహజంగానే విరామాలు పడతాయి. విజయ్ అయ్యర్ 2021 ట్రియో ఆల్బం ‘అనీజీ’లో లిండా మే హాన్ ఓ బేస్, టైషాన్ సోరీ డ్రమ్స్ పియానో కన్నా ఎక్కువ కథ చెబుతాయి. కమాసీ వాషింగ్టన్ మూడు డిస్కుల ‘ది ఎపిక్’ గాయక బృందం, తంత్రీ వాద్యాలు అన్నీ కలుపుకుని దాదాపు మూడు గంటలు సాగుతుంది. కానీ అందులో బరువంతా చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన లాస్ ఏంజెలెస్ మిత్రుల రిథమ్ సెక్షన్ మోస్తుంది, మిగిలిన హంగు కొంత తగ్గించినా నష్టం లేకపోయేది.

ఇలా కలిసి పెరగడమే అసలు కీలకం. వేన్ షార్టర్ తన చివరి బృందాన్ని, పియానో డానిలో పెరెజ్, బేస్ జాన్ పటిటూచీ, డ్రమ్స్ బ్రయన్ బ్లేడ్‌లతో, 2000లో కట్టాడు. 2002 నాటి ‘ఫుట్‌ప్రింట్స్ లైవ్’ నుంచి 2018 నాటి ‘ఎమనాన్’ దాకా ఆ నలుగురే. మొదటిదానిలో పాట ఏదో గుర్తుపట్టవచ్చు, చివరికొచ్చేసరికి ఎవరు వరస మొదలుపెడతారో వాళ్లకే తెలియనట్టు వాయిస్తారు, అయినా ఎవరూ తప్పిపోరు. పెద్ద పేర్లన్నీ ఒక్క సెషన్‌కు పోగుచేసిన తారల ఆల్బంలు ఎక్కువగా ఎందుకు చప్పగా ఉంటాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. హైదరాబాద్‌లో జాజ్ వినిపించే చోట్లు లేకపోలేదు. గోథే సెంట్రం, అలయన్స్ ఫ్రాంసేజ్ లాంటి సంస్థలు అప్పుడప్పుడు యూరప్ బృందాలను తెస్తాయి, హోటళ్లలో, కఫేల్లో వారాంతపు కార్యక్రమాలుంటాయి. లేనిది ఒకే బృందం, ఒకే వేదిక మీద, వారం వారం, ఏళ్ల తరబడి వాయించే ఏర్పాటు. డ్రమ్మర్ ఒక కార్యక్రమానికి ఒకరు, మరోదానికి మరొకరు అయినంతకాలం నగరం నుంచి మంచి సోలో వాద్యకారులు రావచ్చు గానీ మంచి ఆల్బం రావడం కష్టం. న్యూయార్క్‌లో 1935 నుంచి నడుస్తున్న విలేజ్ వాన్‌గార్డ్ నేలమాళిగలో 1966 ఫిబ్రవరిలో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ ఒక పెద్ద బృందాన్ని సోమవారాలు వాయించడానికి కూర్చోబెట్టారు. జోన్స్ 1979లో కోపెన్‌హేగెన్ వెళ్లిపోయాడు, లూయిస్ 1990లో చనిపోయాడు. ఇప్పుడు ఆ బృందం పేరు వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా, సోమవారం కచేరీలు మాత్రం వాళ్లవే.